ఎదుటి కుర్చీ

ఆ ఇంట్లో తెల్లవారడమంటే ముందుగదిలో దుమ్ము దులపడంతోనే. పెద్ద వకీలుగారు కాలం చేసి ఏడాది దాటినా, ఆయన భార్య స్నానమూ ప్రార్థనా ముగించుకొని, మెత్తని గుడ్డ చేతపట్టి ఆయన పనిగదిలోకి నడిచేది. కొక్కేనికి వేలాడే నల్లకోటు, చేతులు నునుపుదేరిన కుర్చీ, గోడ పొడవునా న్యాయగ్రంథాలు. వాటి నడుమ అరమీద, మూత బిగించిన గాజుసీసాలో, మందునీటిలో నిలిచిపోయిన జానెడు చేప. అన్నిటికన్నా చివర ఆమె తుడిచేది ఆ సీసానే.

ఆ ఉదయం గుడ్డ ఇంకా సీసాదాకా రాకముందే భోజనాల గదిలో కొడుకు గొంతు లేచింది.

కొడుకూ వకీలే. మనవరాలికి ఇంట్లో పేరు జడ్జి. మాటలు రాని వయసులోనే తాతగారి బల్లమీద కూర్చుని, చెక్కగరిటెతో టకటకా కొట్టి, ఆయన వాదన ఆపించేది కనుక ఆ పేరు స్థిరపడింది. ఇప్పుడా పిల్లకు ఇంటర్ పూర్తయింది. ఏ కోర్సులో చేరేదీ సాయంత్రంలోగా కాలేజీకి చెప్పాలి. నేరుగా న్యాయశాస్త్రంలో చేరమని తండ్రి. ముందు జీవశాస్త్రంలో డిగ్రీ, ఆ తరువాతే లా అని కూతురు. వారం రోజులుగా ఆ ఇంట్లో కంచాలు కూడా చప్పుడు చేయకుండా కదులుతున్నాయి.

నాయనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడేసరికి తండ్రి కాఫీ చల్లారిపోయింది.

"కప్పల్ని కోసి కోర్టుకెళతానంటుంది, విన్నావా అమ్మా?" అన్నాడు.

"బార్ రూములో బెకబెకలు తక్కువేమీ కాదుగా, అలవాటుగా ఉంటుందిలెండి," అంది కోడలు, గిన్నెలోంచి తల ఎత్తకుండా. ఎవరూ నవ్వలేదు.

అతడు చెప్పవలసినవన్నీ చెప్పాడు. అడ్డదారిన పోయేవాళ్ళు ఇల్లు చేరరన్నాడు. లా చదవడం ఇష్టం లేక, ఆ మాట తన మొహంమీద అనలేక, మధ్యలో ఈ జీవశాస్త్రాన్ని అడ్డం పెట్టిందన్నాడు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని గొంతు వణకలేదు.

"అబద్ధం చెప్పాలనుకుంటే ఇంతకంటే మంచిది చెప్పేదాన్ని నాన్నా."

"నాతో వాదించకు."

"వాదించొద్దంటే, మరి లా ఎందుకు చదవమంటున్నావు?"

అతడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఇటువంటి చప్పుడు వినబడినప్పుడల్లా ముందుగదిలోంచి ఒక గొంతు పలికేది. ఏడాదిగా పలకని ఆ మాట తన నోట వస్తుందని నాయనమ్మ అనుకోలేదు.

"కుర్చీలు మార్చుకోండి."

పెద్ద వకీలుగారు ఈ ఇంటికి పెట్టిన చట్టం అదొక్కటే. తగవు ముదిరితే ఇద్దరూ ఒకరి కుర్చీలో ఒకరు కూర్చోవాలి. ఎవరి మాట వారు చెప్పుకోకూడదు, ఎదుటివారి మాట చెప్పాలి. "అవును, అదే నా మాట" అని ఎదుటివారు ఒప్పుకునేదాకా లేవకూడదు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు వంటింటి తగవులో అత్తగారి పక్షాన వాదించి వాదించి, తనమీద తానే నేరం రుజువు చేసుకున్న రోజున ఆయన ఎంత నవ్వారని! ఆ నవ్వు నాయనమ్మకు ఇప్పుడే విన్నట్టు చెవిలో మెదిలింది.

"అమ్మా, ఇప్పుడా ఆటలు," అన్నాడు కొడుకు.

"మీ నాన్న ఉంటే కూర్చునేవాడివి కాదూ?"

అతడు కూర్చున్నాడు. కూతురి కుర్చీలో ఒదగలేక, చేతులు కట్టుకుని, ఎగతాళిగానే మొదలుపెట్టాడు. "సరే. నేను జడ్జిని. నాకు పురుగులంటే ప్రేమ."

"కాదు," అంది పిల్ల తండ్రి కుర్చీలోంచి.

"స్నేహితులందరూ అందులోనే చేరుతున్నారు."

"కాదు."

"నాన్న వెలిగించిన దీపంలో నూనె పోయడం నాకు చిన్నతనం."

"కాదు నాన్నా." ఈసారి మాట సగంలోనే నలిగింది.

అతనికి ఇంకేమీ తోచలేదు. వారం రోజులు ఆ పిల్లతో పోట్లాడాడే కాని, ఎందుకమ్మా అని ఒక్కమారు అడగలేదని అప్పుడు తట్టింది. తల తిప్పుకున్నాడు. అతడు రోజూ కూర్చునే చోటికి పనిగది వెనకవైపు పడుతుంది. ఈ కుర్చీలోంచి మాత్రం తెరిచిన తలుపు నడుమ, అరమీది గాజుసీసా ఎదురుగా నిలబడుతుంది. పొద్దుటి ఎండ సోకి చేప పొలుసు మెరుస్తోంది. పదేళ్ళుగా తన కూతురు అన్నం తింటూ చూస్తున్నది దీన్నే.

రంగుల కార్ఖానా వదిలిన నీటికి ఏటిలో చేపలన్నీ తేలిపోతే, వాటిమీద బతికేవాళ్ళ తరఫున పెద్దాయన వాదించిన దావాలోది ఆ చేప. ఎండకు చచ్చాయని బోనులో కార్ఖానా తరఫు నిపుణుడు చెప్పాడు. పెద్దాయన లేచి నిలబడ్డారు. చట్టమంతా ఆయన నాలుక చివరన ఉంది. పక్కన పుస్తకాలు అందించడానికి కూర్చున్నది తనే. నాన్న నోరు తెరిచి, మూసి, "ప్రశ్నలు లేవు" అని కూర్చోవడం జీవితంలో అదొక్కసారే చూశాడు. దావా పోయింది. సాక్ష్యానికి పెట్టిన చేప ఇంటికి తిరిగొచ్చింది. దాన్ని చూసి చిన్నపిల్ల తాతను అడిగిన మాట, పక్కగదిలోంచి తను విన్నదే.

అతడు మాట్లాడినప్పుడు గొంతు వేరుగా ఉంది.

"తాతయ్యా, ఈ చేపకేమైందని అడిగాను. నాకు తెలియలేదమ్మా, తెలిసుంటే ఏమడగాలో తెలిసేదన్నాడు." చూపు సీసామీదనుంచి తిప్పలేదు. "నేను ఆ బోనుముందు నిలబడాలి. ప్రశ్నలు లేవని కూర్చోకూడదు. అందుకు ముందు చేప తెలియాలి. చట్టం ఆ తరువాత."

"అవును," అంది పిల్ల, చెంపలు తుడుచుకోకుండానే. "అదే నా మాట."

ఇప్పుడు ఆమె వంతు. తండ్రి కుర్చీ చేతులమీద తన చేతులు ఆనించి, మెల్లగా చెప్పింది.

"నేను నాన్నని. పొద్దున్నే ఆ గదిలోకి వెళితే ఎదురుగా ఎవరూ ఉండరు. ఫైలు చదివి, ఎలా ఉంది నాన్నా అని అలవాటుగా తల ఎత్తుతాను. మా నాన్న కుర్చీ గోడవారన ఖాళీగా ఉంటుంది. నా బిడ్డ త్వరగా వచ్చి కూర్చుంటుందనుకున్నాను. అది ఇంకా ఆలస్యంగా వస్తానంటోంది. కోపం కాదు నాది. ఒక్కడినే ఉండలేక."

అతడు చేతులతో మొహం కప్పుకున్నాడు. నియమం ప్రకారం ఆ మాట అనాలి కనుక వేళ్ళ సందుల్లోంచి అన్నాడు. "అదే నా మాట."

నాయనమ్మ వెనుదిరిగి పనిగదిలోకి వెళ్ళింది. వాదనలు ముగిశాక ఆయన ఒకే మాట అనేవారు. ఆ మాట ఎవరో ఒకరు అనాలి.

"విన్నాను," అంది గాజుసీసా తుడుస్తూ.

కోడలు కాఫీ మళ్ళీ వేడిచేసి తెచ్చింది. ఎవరి కుర్చీలో వారు కూర్చోవలసిన సమయమైంది. తండ్రి మాత్రం లేవలేదు.

"ఇక్కడినుంచి బాగా కనిపిస్తోందే జడ్జీ," అన్నాడు. "కాలేజీకి ఫోన్ చెయ్యి. సెలవులకొచ్చినప్పుడల్లా ఆ చేప గురించి నాకో పాఠం చెప్పాలి. ఫీజు అడక్కు."

"తాతయ్య కుర్చీలో కూర్చుని చెప్పనా?"

అతడు తల ఊపాడు. లోపల నాయనమ్మ, ఏడాదిగా గోడకు ఆనించి ఉంచిన ఆ కుర్చీని బల్లదగ్గరికి జరిపింది.