పక్కమంచం మనిషి

ఒకసారి వచ్చి పోయింది కదా, ఇంక నీ జోలికి రాదులే అని ఊళ్లో అందరూ అన్నారు. భూపేష్ కూడా నమ్మాడు. కరోనా వచ్చిన తొలి ఏడాది ఆసుపత్రిలో పడి, చావు తప్పి ఇంటికి చేరినవాడు. మరుసటి వేసవిలో ఒళ్లు కాలిపోతుంటే పరీక్ష చేయించుకున్నాడు. మళ్లీ అదే. చిన్నారి కూతురు శివజ్యోతికి అంటుకుంటుందన్న భయంతో మైదుకూరు దగ్గర తన చేనులో, బోరుమోటారు ఉండే రేకుల కొట్టంలో ఒంటరిగా మకాం పెట్టాడు.

జ్వరం కాస్త తగ్గింది గానీ విసుగు తలకెక్కింది. పగలంతా రేకుల వేడి, పాత గ్రీజు వాసన, ఈగలు. భార్య యామిని అన్నం క్యారియరు గట్టు మీద పెట్టి, దూరం నుంచే రెండు మాటలు మాట్లాడి పోయేది.

"ఇంకెన్నాళ్లు ఈ కుక్క బతుకు? మళ్లీ రాదన్నోళ్లంతా యాడికి పోయినారు?" అని ఆ రోజు ఆమె మీదే కసిరాడు.

"పాప కోసమే కదా," అని యామిని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆమెను ఎందుకు అన్నానా అని మళ్లీ తన మీదే చిరాకు.

పొద్దు వాలుతుండగా గాలి పడిపోయింది. చేలో పిట్ట కూడా అరవడం లేదు. అప్పుడు కొట్టం గోడ అవతల ఎవరో దగ్గారు.

"ఎవరప్పా ఆడ?"

"నేనే. నాకూ ఇదే జబ్బు. ఇంట్లోకి రానీలేదు."

బొంగురు గొంతు. పక్క చేనివాడెవడో అనుకున్నాడు భూపేష్. తనలాంటివాడు ఇంకొకడు దొరికేసరికి మనసులో ఉన్నదంతా కక్కేశాడు. బిడ్డ తన ఒళ్లో తప్ప నిద్రపోదని, తన చేత్తో కలిపి పెడితేనే నాలుగు ముద్దలు తింటుందని, ఇప్పుడు ఎట్లుందో ఏమోనని చెప్పుకున్నాడు. అవతలి మనిషి ఊఁ కొడుతూ అన్నీ విన్నాడు.

"ఇంతకీ ఏ ఊరప్పా నీది?"

"గుర్తు పట్టలేదా? పోయినేడు మనవి పక్కపక్క మంచాలే."

ఆసుపత్రిలో ఆ పక్కమంచం మనిషి భూపేష్‌కి గుర్తున్నాడు. అతని కోసం ఇంటి నుంచి ఒక్కరూ రాలేదు. భూపేష్‌ని ఇంటికి పంపిన పొద్దునే అతన్ని తెల్ల కవర్లో పెట్టి, మొహం మీదుగా జిప్పు లాగారు.

"నిన్ను ఇంటికి పంపినారు…" గోడ అవతల గొంతు గుసగుసలాడింది. "నన్ను పంపలేదు…"

భూపేష్ గోడకు దూరంగా జరిగాడు.

"నువ్వు పండుకో. ఈసారి నేను పోయొస్తా."

అడుగుల చప్పుడు… మెల్లగా దూరమైంది. భూపేష్ తలుపు తోసుకుని కొట్టం వెనక్కి పోయి చూశాడు. ఎవరూ లేరు. ఊరి దోవలో మాత్రం సన్నగా దుమ్ము లేస్తోంది. గాలి లేదు.

యామినికి ఫోన్ చేశాడు. మోగింది… ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

పరిగెత్తాడు. ఊపిరి అందడం లేదు. గుండెలో మంట. ఇల్లు చేరేసరికి వీధిలో దీపాలు వెలుగుతున్నాయి. యామిని పెరట్లో అంట్ల బోకులు తోముతోంది. అతన్ని చూసి చేతిలోది వదిలేసింది.

"ఏందిట్ల వచ్చినావు? జబ్బు తగ్గకముందే…"

"పాప యాడ?"

"లోపల ఆడుకుంటాండాది."

భూపేష్ గడప దగ్గరే ఆగిపోయాడు. పాప మంచం మీద కూర్చుని ఉంది. ముందు ఖాళీ పళ్లెం.

"మళ్లీ వచ్చినావా నాయనా? ఇప్పుడే కదా అన్నం పెట్టి పోయినావు."

"నేనా?"

"ఊఁ… మాస్కు తీయమంటే తీయలేదు నువ్వు. నీ చేతులు శానా చల్లగా ఉండె."

అని దగ్గింది. పసిదాని దగ్గు కాదది. బొంగురుగా, లోతు నుంచి…

ఇన్నాళ్లు దూరంగా ఉన్నదంతా ఏమైనట్టు? ఇంక ఆగలేక బిడ్డను గుండెకు పొదువుకున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆ లేత మణికట్టు చుట్టూ ఏదో గరుకుగా తగిలింది. చెయ్యి వెలుగులోకి తిప్పి చూశాడు.

ఆసుపత్రిలో అతికించే తెల్ల ప్లాస్టరు. దాని మీద నీలి సిరాతో 'శివజ్యోతి' అని రాసి ఉంది. కింద, ఆసుపత్రిలో ఆ పక్కమంచం నంబరు.

సిరా ఇంకా తడిగానే ఉంది.