జానయ్య గుండెలో ఎర

"జానయ్య సమాధిని తవ్వారు." ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా ఉంది. "ఎర మింగారన్నమాట. కదులు."

ఏజెంట్ నాగేందర్ అప్పటికే ఆత్మకూర్ శ్మశానంలో, ఒరిగిపోయిన శిలువ పక్కన నిలబడి ఉన్నాడు. గుంతలోకి చూడలేకపోయాడు. సర్జికల్ పరికరాల అనుమతులపై నిఘా పెట్టే రహస్య విభాగంలో అతనికి పని నేర్పింది జానయ్యే. శవాల నుంచి పేస్‌మేకర్లు కాజేసి, దొంగ అప్రూవల్ లేబుళ్లు అంటించి కొత్తవిగా అమ్మే విదేశీ ముఠాను ఆయన చివరిదాకా వెంటాడాడు. దొరకలేదు. ఆఖరి రోజున నాగేందర్ చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు.

"నా ఛాతిల మిషిను తియ్యకుండ్రి తమ్మీ. గట్లనే పాతిపెట్టుండ్రి. దవాఖాన నుంచి వాళ్లకు ఖబర్ పోతది. వస్తరు."

వచ్చారు.

ముఠా తరఫున సర్జన్లకు పేస్‌మేకర్లు అమ్ముతూనే నాగేందర్‌కు సమాచారం అందించే డబుల్ ఏజెంట్ శ్రీదేవి. ఏ సర్జన్‌నైనా ఒప్పించే నవ్వు ఆమెది. నల్గొండలో ఓ ప్రైవేటు ఆస్పత్రికి పెట్టె వస్తోందని ఆమే చెప్పింది. ఈసారి సరుకు అసలైనదేనని ఒట్టు కూడా వేసింది. నాగేందర్ టెక్నీషియన్ వేషంలో, పేస్‌మేకర్‌ను చదివే రీడర్‌తో ఆపరేషన్ థియేటర్‌లో అడుగుపెట్టాడు.

బల్ల మీద గుర్వమ్మ. గొర్రెలు కాసుకునే మనిషి. మత్తు సూదికి ముందు అతన్ని దగ్గరికి పిలిచింది.

"కొడుకా, గీ మిషిను మంచిదేనా? రాత్రి ఎవరో మన్ను దులుపుకుంట వచ్చి నా మంచం కాడ కూసున్నట్లయింది."

అతను రీడర్ ఆన్ చేశాడు.

డాక్టర్ కోత పెట్టాడు. శ్రీదేవి సీలు వేసిన పెట్టె అందించబోయింది. నాగేందర్ మధ్యలోనే రీడర్‌ను దానికి ఆనించాడు. లేబుల్ మార్చవచ్చు; లోపలి చిప్‌లో నంబర్ మారదు. స్క్రీన్ మీద జానయ్య నంబర్ వెలిగింది. బ్యాటరీ అడుగంటింది. ఆ కింద, ఆయన గుండె ఆఖరిసారి కొట్టుకున్న గీత. తన చేతిలో ఆ చెయ్యి చల్లబడిన క్షణం అది.

"ఆగండి డాక్టర్. అది పెడితే ఆమె బతకదు."

తన బ్యాగులోంచి అనుమతి ఉన్న పేస్‌మేకర్ తీసిచ్చి, శ్రీదేవిని బయటికి నడిపించాడు.

ఆమె గోడకు ఆనుకుంది. "ఒట్టు అబద్ధమే అన్నా. కాల్చేముందు ఇంటోళ్లే తీసిస్తరని చెప్పిన్రు. పారేసేదే కదా అనుకున్న."

"జానయ్యను కాల్చలే శ్రీదేవీ. పూడ్చినం."

ఆమె ముఖంలో నెత్తురు లేదు. కింద కారులో ముఠా నాయకుడు, మిగతా ఆస్పత్రులకు పంపాల్సిన పెట్టెలతో, అంతా సవ్యంగా జరిగిందని చెప్పే ఆమె కోడ్ వర్డ్ కోసం కాచుకుని ఉన్నాడు. వినబడకపోతే మాయమవుతాడు. నాగేందర్ ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని అందుకుంది. నంబర్ నొక్కింది.

"వాన వెలిసింది," అంది.

కారు తలుపు తెరుచుకుంది. పోలీసులు చుట్టుముట్టారు.

సాయంత్రానికి గుర్వమ్మ గుండె కుదురుగా కొట్టుకుంటోంది. నాగేందర్ చీఫ్‌కు ఫోన్ చేసి, జానయ్య పేస్‌మేకర్‌ను తిరిగి సమాధిలో పెట్టేందుకు అనుమతి అడిగాడు.

"కుదరదు. కేసుకు అదే ప్రధాన సాక్ష్యం. కోర్టులో తేలేదాకా మన దగ్గరే ఉండాలి."

"మన కోర్టుల్లోనా సార్?" నాగేందర్ నిట్టూర్చాడు. "అయితే జానయ్యకు ఇప్పట్లో రిటైర్మెంట్ లేనట్టే."