ఐదో పెట్టె మూల

ఆ మేడ మీద గదికి మంచి పేరు లేదు. ఇంటావిడ ఇప్పటికీ ఈ సంగతి మెట్ల మీద నిలబడే చెబుతుంది, గడప లోపలికి కాలు పెట్టదు.

కింద కుట్టుమిషన్ల కార్ఖానా, మధ్యలో ఆవిడ కాపురం, ఆ పైన ఈ గది. హోమ్ థియేటర్ కోసమని ముచ్చటపడి కట్టించుకుంది. ఐదు స్పీకర్లలో నాలుగు గోడలెక్కాయి. ఐదోది... సోఫాలో కూర్చుంటే ఎడమ చేతి వైపు, వెనక మూల. దాని జోలికి వెళ్లినవాడు మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. ఒకడు పనిముట్ల సంచీ వదిలేసి దిగిపోయాడు. ఇంకొకడు చెప్పులు వదిలేసి. తీగే వెయ్యని ఆ మూలలోంచి చప్పుడు వస్తోందని ఇద్దరిదీ ఒకటే మాట.

"సినిమా చూద్దామని గది కడితే, గదే నాకు సినిమా చూపిస్తోంది," అనేది ఇంటావిడ. నవ్వేది కాదు.

ఎందుకంటే ఆ నాలుగూ బిగించిన పెద్ద మెకానిక్ నిచ్చెన మీంచి పడి ప్రాణం పోగొట్టుకున్నది ఆ మూలలోనే.

ఆయన పనంటే పని. స్క్రూ ఏదైనా సరే, తల మీది గాటు గడియారంలో ఆరు కొట్టినట్టు నిటారుగా నిలిస్తే గానీ నిచ్చెన దిగేవాడు కాదు.

ఆఖరికి ఆ మిగిలిన పని ఒప్పుకున్నది ఎవరో కాదు... ఆయన కూతురే. వీధిలో అందరికీ బుల్లి మెకానిక్. తండ్రి వెనక తీగలు మోస్తూ, చూసి చూసి నేర్చుకున్న పిల్ల.

"ఊళ్లో ఇంకే గదీ దొరకలేదా నీకు?" తల్లి గుమ్మానికి అడ్డం నిలబడింది. "పైగా ఆ పాడు నిచ్చెనే పట్టుకెళ్తున్నావా! మీ నాన్నని మింగింది చాల్లేదా దానికి?"

"నిచ్చెన ఏం చేసిందమ్మా..."

"నిచ్చెన కాకపోతే ఇంకెవరు చేశారే?"

బుల్లి తల వంచుకుని బయటికి నడిచింది. ఎవరు చేశారో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆమెకి ఎడమ చెవి వినపడదు. మూడేళ్లయింది. చెబితే పని మానిపించేస్తాడని తండ్రి దగ్గర దాచింది. దాచడానికో కిటుకు పట్టింది. ఆయన ఏదో అన్నట్టు అనిపిస్తే చాలు, "ఆ నాన్నా!" అనేసేది. పదింట తొమ్మిదిసార్లు అతికిపోయేది.

వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. నిచ్చెన మీదున్నవాళ్లు చెయ్యి చాచే ముందు "పట్టుకో" అనాలి. కిందున్నవాళ్లు "ఆ" అన్నాకే పక్కకి ఒరగాలి.

ఆ రోజు ఆయన అన్నాడు, ఆమె ఎడమ వైపు నుంచి. చిక్కుపడ్డ తీగ విప్పుకుంటూ, తలైనా తిప్పకుండా, బుల్లి "ఆ నాన్నా" అంది.

ఆయన నమ్మి ఒరిగాడు.

ఆ మాట ఆయనకి చెప్పుకోవాలి. ఇంకెక్కడ చెప్పినా చేరదనిపించింది. అందుకే వెళ్లింది.

స్పీకర్లు సరిచూడాలంటే చుట్టూ సద్దు ఉండకూడదు. కింద మిషన్లు ఆగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఇంటావిడ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"భయమేస్తే కేకెయ్ అమ్మాయ్."

"మీకేస్తే మీరూ వెయ్యండి," అంది బుల్లి.

ఐదో స్పీకర్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నిచ్చెన ఆ మూలకి ఆనించింది. ముందు ఉన్న నాలుగూ చూద్దామని, సోఫాలో మనిషి తల ఉండే ఎత్తున చిన్న మైకు నిలబెట్టి, మీట నొక్కింది.

ష్‌ష్‌ష్... వానజల్లు లాంటి రొద. ముందు ఎడమ. మధ్య. ముందు కుడి. వెనక కుడి. వంతులవారీగా ఒక్కొక్కటీ ఊపిరి వదిలినట్టు...

ఇక ఆగిపోవాలి. ఐదోదానికి తీగే లేదు.

ష్‌ష్‌ష్...

బుల్లి కదల్లేదు. గోడకి తగిలి తిరిగొస్తోందేమో... అనుకుంటూనే అరచేత్తో కుడి చెవి గట్టిగా మూసుకుంది. ఫ్యాను చప్పుడు పోయింది. వీధి పోయింది.

ఆ రొద మాత్రం పోలేదు.

మూడేళ్ల కిందట చచ్చిన చెవిలో... దగ్గరగా...

"బుల్లీ... పట్టుకో."

అలవాటు మాట నోటిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపుకుంది. ఒక్క ఉరుకున వెళ్లి, రెండు చేతులా నిచ్చెన పట్టుకుని... అప్పుడంది.

"పట్టుకున్నా నాన్నా. ఈసారి నిజంగా పట్టుకున్నా. ఆ రోజు నాకు వినపడలేదు... వినకుండానే 'ఆ' అన్నా."

రొద ఆగింది.

నిచ్చెన కిర్రుమంది. ఒక మెట్టు... రెండు... మూడు. మెట్టు మెట్టుకీ ఒక నిండు మనిషి బరువు ఆమె అరచేతుల్లోకి దిగుతోంది. టంకం పొగ వాసన... ఆయన చొక్కాకి ఎప్పుడూ ఉండే వాసన.

ఆమె తలెత్తలేదు. పైన ఎవరూ కనిపించకపోతే, ఆ బరువు ఎవరిదనుకోవాలి?

ఇంటావిడ చాలా పొద్దుపోయేదాకా కింది నుంచి పిలుస్తూనే ఉంది. పిలిచినప్పుడల్లా "ఆ" అని వినపడింది. అది నమ్మే పడుకుంది. తలుపు తోసింది తెల్లారాకే.

అట్టపెట్టె ఖాళీ. స్పీకర్ మూలలో, పైన, బిగించి ఉంది. కింద బుల్లి. రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, వేళ్లు తెల్లగా పాలిపోయి...

"ఒక్కదానివే బిగించేశావా తల్లీ! అయిపోయిందిగా, ఇక వదులు." ఇంటావిడ ఆ వేళ్లు విప్పబోయింది. రాలేదు.

"వదలకూడదండీ," గుసగుసగా అంది బుల్లి. "నాన్న ఇంకా దిగలేదు."

ఇంటావిడ పైకి చూసింది.

నాలుగు స్క్రూలు. మూడింటి గాట్లు ఆరు కొట్టినట్టు నిటారుగా ఉన్నాయి. నాలుగోది కాస్త పక్కకి వాలి ఉంది.

మెల్లగా... తిరుగుతోంది.