సే అగైన్ మేడమ్

వాళ్ళిద్దరికీ మొదటి తగువు అయినప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అతను రన్‌వే పక్కన ఆగిన విమానంలో, కుడివైపు సీటులో ఉన్నాడు. ఆమె కంట్రోల్ టవర్ పై అంతస్తులో, అద్దాల వెనక ఉంది. మధ్యలో రేడియో ఉంది.

అతను కో-పైలట్. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఎడమవైపు సీటులో కెప్టెన్. రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డ మనిషి, స్టాఫంతా ఆయన్ని పెదనాన్న అంటారు. ఆ పూట రేడియోలో మాట్లాడే వంతు కో-పైలట్‌ది.

పడమటి నుంచి వాన వస్తోంది. రన్‌వే అవతలి కొస అప్పటికే కనబడటం మానేసింది.

"హోల్డ్ పొజిషన్," అంది టవర్. ఉన్నచోటే ఆగమని.

రేడియోలో ఒక ఆచారం ఉంది. టవర్ చెప్పిన మాటను పైలట్ తన నోటితో మళ్ళీ చెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. తిరిగి చెప్పని మాట విన్నట్టు లెక్క కాదు. కో-పైలట్ ఆ మాట తిరిగి చెప్పలేదు. ఆమె 'పొజిషన్' అన్న తీరులో అతనికి తన భాష వినబడింది. మనమ్మాయే అనుకున్నాడు. మనమ్మాయి మన మాట కాదనదు అనుకున్నాడు.

"మేడమ్, మీరు మనవాళ్ళే కదండీ? వాన వచ్చేస్తోంది. రెండు నిమిషాల పని. ముందు మమ్మల్ని వదిలేయండి, మీకు పుణ్యముంటుంది," అన్నాడు తెలుగులో.

రేడియో గరగరమంది.

"సే అగైన్," అంది ఆమె. "ఇన్ ఇంగ్లిష్."

అంతలో ఇంకో గొంతు వచ్చింది. వేరే దేశపు సరుకు విమానం, అదే రన్‌వే మీద దిగడానికి వస్తోంది. ఆ పైలట్‌కి తెలుగు రాదు. కింద ఎవరో టవర్‌ని ఏదో అడిగారని మాత్రం తెలిసింది. రన్‌వే మీదికి వస్తానన్నారో, రామన్నారో తెలియలేదు. తెలియనప్పుడు దిగకూడదు. "గోయింగ్ అరౌండ్," అని చెప్పి విమానాన్ని మళ్ళీ పైకి లేపాడు.

అది వాళ్ళ నెత్తి మీదుగా మబ్బుల్లోకి వెళ్ళిపోయింది. పెదనాన్న దాన్నే చూస్తూ, "చూశావా అబ్బాయ్, పుణ్యం ఎలా ఎగిరిపోయిందో," అన్నాడు.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి కబురొచ్చింది. కో-పైలట్ ఇంగ్లీషు పరీక్షకి మళ్ళీ కూర్చోవాలి. పేపరు మీద రాసే పరీక్ష కాదు, మాట్లాడే పరీక్ష. లెవల్ నాలుగు రావాలి. రాకపోతే కాక్‌పిట్‌లో చోటుండదు. మొదటిసారి అతను అది అంచు మీద గట్టెక్కాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆఫీసుకీ తెలుసు.

"మాట్లాడించడానికి ఒకావిడ వస్తుంది," అన్నారు ట్రైనింగ్ సెంటర్లో.

ఆవిడ గొడుగు దులుపుకుంటూ వచ్చింది. అతని వయసే. గొడుగు మూల నిలబెట్టింది, బల్ల మీద ఒక ఫొటో పెట్టింది. రన్‌వే మీద మేక, దాని వెనక పరుగెడుతున్న మనిషి.

"ఏం కనిపిస్తోందో ఇంగ్లీషులో చెప్పండి."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఎ డొమెస్టికేటెడ్ యానిమల్ ఈజ్... ట్రెస్‌పాసింగ్... ఇన్ ది ఏరోడ్రోమ్ ప్రెమిసెస్..."

"ఏంటది?" అంది తెలుగులో.

అతని ప్రాణం లేచొచ్చింది. "మీరూ మనవాళ్ళేనా! మేకండీ అది."

"మేకని ఇంగ్లీషులో ఏమంటారు?"

"గోట్."

"మరి ఆ మాట అనొచ్చుగా?"

"మరీ ఒకటో క్లాసు మాటండీ. లెవల్ నాలుగుకి సరిపోతుందా?"

"పైలట్ మీ డొమెస్టికేటెడ్‌కి అర్థం వెతుక్కునేలోపు మేక పని అయిపోతుంది."

అతను నవ్వాడు. నవ్వాక మనసులోది బయటికొచ్చింది. "అసలిదంతా ఆ సే అగైన్ మేడమ్ వల్ల వచ్చిందండీ."

"ఎవరావిడ?"

"టవర్లో ఉంటుంది. అందరిచేతా రెండోసారి చెప్పిస్తుందని పైలట్లు పెట్టిన పేరు. మన భాష మనిషై ఉండి, ఒక్క ముక్క తెలుగులో అన్నానని అందరి ముందూ పరువు తీసింది. ఇంగ్లీషులోనే పుట్టినట్టు పోజు."

"ఎలా ఉంటుంది చూడ్డానికి?"

"చూడలేదు. రేడియో గరగరలో గొంతుని బట్టి యాభై దాటుంటాయి. కళ్ళజోడు. చెవి మీద పెన్ను."

ఆవిడ చెవి మీది పెన్ను తీసి బ్యాగులో వేసుకుంది.

"ఇప్పుడు నాతో అన్నదంతా ఇంగ్లీషులో చెప్పండి."

"తిట్లు కూడానా?"

"తిట్టేటప్పుడే భాష బాగా వస్తుంది."

నిజంగానే వచ్చింది. ఆ గంటలో అతను ఎన్నడూ మాట్లాడనంత ఇంగ్లీషు మాట్లాడాడు. ఆవిడ ఎక్కడా తప్పు దిద్దలేదు. అర్థం కానిచోట మాత్రం చెయ్యి ఎత్తింది. అతను ఆగి, ఇంకా చిన్న మాట వెతికి, మళ్ళీ చెప్పాడు.

మూడో క్లాసుకల్లా అతను ముందుగానే వచ్చి కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. వాన పడితే ఆ కిటికీలోంచి గొడుగులు తప్ప మనుషులు కనబడరు. ఆవిడ గొడుగుకి ఒక పుల్ల విరిగి ఉంటుంది. దాన్ని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టగలనని ఒకరోజు అతనికి తెలిసింది. ఎందుకు గుర్తుపడుతున్నానో కూడా ఆ రోజే తెలిసింది.

"రేపు టవర్‌కి రండి," అంది ఆవిడ ఒక సాయంత్రం. "పర్మిషన్ తీసుకున్నాను. కూర్చుని వినండి, చాలు."

"ఆవిడ ఉంటుందేమో?"

"ఉంటుంది."

మర్నాడు ఉదయం అతను మెట్లెక్కి వెళ్ళేసరికి, అద్దం ముందు కుర్చీలో ఒకామె హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంది. వీపు ఇటువైపు ఉంది. చెవి మీద పెన్ను ఉంది. "హోల్డ్ పొజిషన్," అంటోంది. పక్క గోడకి విరిగిన పుల్ల గొడుగు ఆనించి ఉంది.

అతను గొడుగుని చూశాడు. పెన్నుని చూశాడు. తిరిగి మెట్లవైపు చూశాడు.

"కూర్చోండి," అంది ఆమె తిరక్కుండానే. "యాభై దాటినదాన్ని, లేచి మర్యాద చేయలేను."

"మీరు... ముందే చెప్పుండొచ్చు కదండీ!"

"చెబితే అంత చక్కగా తిట్టేవారా? ఇదిగో, హెడ్‌సెట్."

అతను పెట్టుకున్నాడు. కాక్‌పిట్‌లో ఉన్నప్పుడు అతను తన విమానం నంబరు కోసం మాత్రమే వినేవాడు. ఇక్కడ అందరి మాటా వినాల్సి వచ్చింది. ఒక పైలట్ ప్రతి మాట చివరా ఒక అచ్చు చేరుస్తున్నాడు. ఒకావిడ పాడుతున్నట్టు మాట్లాడుతోంది. ఇంకొకాయన మాటలు గులకరాళ్ళు రాలినట్టున్నాయి. ఎవరి ఇంగ్లీషూ ఇంకొకరి ఇంగ్లీషులా లేదు. అయినా ఒకరు చెప్పింది ఇంకొకరు తిరిగి చెబుతున్నారు, విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి.

అంతలో రేడియోలోకి ఇంకో పైలట్ వచ్చాడు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడే దేశంవాడు. ఏదో సామెత వేసి, గడగడా నాలుగు వాక్యాలు చెప్పి, తనే నవ్వుకున్నాడు.

"సే అగైన్," అంది ఆమె.

ఆయన నవ్వు ఆపి, అయిదు మాటల్లో మళ్ళీ చెప్పాడు.

కో-పైలట్ నోరు తెరిచాడు. "ఆయన్ని కూడానా!"

"ఆయన ఇంటి ఇంగ్లీషు ఇక్కడ చెల్లదు. ఇక్కడి మాట పుట్టుకతో ఎవరికీ రాదు. ఆయనా నేర్చుకోవాల్సిందే, మీరూ నేర్చుకోవాల్సిందే," అంది ఆమె.

ఆ తర్వాత సరుకు విమానం ఒకటి లేచింది. రన్‌వే దాటిందో లేదో, దాని పైలట్ గొంతు వినబడింది.

"బర్డ్. బిగ్ బర్డ్. లెఫ్ట్ ఇంజిన్, నో గుడ్. వి కమ్ బ్యాక్."

వ్యాకరణం వెతికితే దొరకదు. కానీ గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఆమె మాత్రం కూర్చునే ఉంది. చిన్న చిన్న మాటలుగా దారి చెప్పింది. ఎటు తిరగాలో, ఎంత ఎత్తులో ఉండాలో, ఏ రన్‌వే ఖాళీగా ఉందో. ఆ పైలట్ ప్రతిదీ తిరిగి చెప్పాడు. "కరెక్ట్," అంది ఆమె ప్రతిసారీ.

కింద వరసలో ఉన్న విమానం తనంతట తనే, "వి విల్ వెయిట్," అంది. దిగబోతున్న ఇంకో విమానం, "వి కెన్ గో అరౌండ్," అంది. వాళ్ళని ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ విన్నారు, అందరికీ అర్థమైంది, అందరూ దారిచ్చారు. తర్వాత రేడియోలో ఎవరూ అనవసరంగా మాట్లాడలేదు.

సరుకు విమానం దిగింది. అగ్నిమాపక బండ్లు పక్కనే పరుగెత్తి, పనిలేక ఆగిపోయాయి.

"థాంక్యూ, టవర్," అన్నాడు ఆ పైలట్.

కో-పైలట్ హెడ్‌సెట్ తీశాడు. "ఈ గొంతు నేను విన్నాను."

"విన్నారు. ఆ రోజు మీ నెత్తి మీదుగా వెళ్ళిందాయనే."

అతను చాలాసేపు అద్దంలోంచి ఆ విమానం వైపే చూశాడు. ఈ రోజు ఆయన మాట అందరికీ అందింది. ఆ రోజు తన మాట ఆయనకి అందలేదు. ఆయనకి తెలుగు రాక కాదు, ఆయన అక్కడున్నాడని తనకి తోచక.

"తప్పు నాదేనండీ," అన్నాడు.

"రీడ్‌బ్యాక్ కరెక్ట్," అంది ఆమె. అని, ఆ ఉదయం మొదటిసారి వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది.

పరీక్షలో ఫొటో మారింది. విమానాలు రన్‌వేకి వెళ్ళే దారి మీద ట్రాక్టర్ ఒకటి తలకిందులై ఉంది. "ట్రాక్టర్ ఈజ్ అప్‌సైడ్ డౌన్. డ్రైవర్ ఈజ్ ఓకే. హి ఈజ్ యాంగ్రీ విత్ ది ట్రాక్టర్," అన్నాడు అతను. పరీక్ష పెట్టినాయన నవ్వి, ఇంకో పావుగంట మాట్లాడించాడు. లెవల్ నాలుగు వచ్చింది. ఈసారి అంచు మీద కాదు.

"రా అబ్బాయ్, వచ్చి నీ సీట్లో కూర్చో," అన్నాడు పెదనాన్న. "నీ బదులు వచ్చినవాడు నా జోకులకి నవ్వడం లేదు."

ఆ సాయంత్రం వాన. ఎయిర్‌పోర్టు బయట బస్ షెల్టర్‌లో వాళ్ళిద్దరే ఉన్నారు. చెప్పడానికి అతను ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాడు. బస్సు మలుపు తిరగడం చూసి అన్నీ మర్చిపోయాడు.

"నాకు మీరంటే ఇష్టమండీ. పెళ్ళి చేసుకుందామా?"

"స్టాండ్ బై," అంది ఆమె.

"అదేంటండీ, పెళ్ళి అడిగితే!"

"అంటే ఆగమని. అవుననీ కాదు, కాదనీ కాదు. ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. మా ఇంట్లో ఒకరికి నువ్వు నచ్చాలి. వాళ్ళకి నచ్చకపోతే నాకు నచ్చినా లాభం లేదు."

"ఎవరు? మీ నాన్నగారా?"

"వచ్చి కనుక్కో."

బస్సెక్కి వెళ్ళిపోయింది. 'రండి' కాస్తా 'రా' అయిందని, బస్సు కనుమరుగయ్యాక గానీ అతనికి తట్టలేదు.

ఆదివారం బల్ల చుట్టూ అయిదుగురున్నారు. నాన్న, అమ్మ, అన్నయ్య, వదిన, ఆమె. వదినది వేరే దేశం. అన్నయ్యకి ఉద్యోగంలో పరిచయమైన మనిషి. ఈ ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. అతను వచ్చేసరికి అమ్మ ఇంగ్లీషులో వడ్డిస్తోంది. "ఈట్, ఈట్. వై స్మాల్ స్మాల్?" అంటోంది కోడలితో.

అతనికి కంగారు పుట్టింది. నచ్చాల్సిన మనిషి అమ్మే అయి ఉంటుందని లెక్క వేశాడు. "అమ్మా, వంట అద్భుతం. మీ అమ్మాయి రేడియోలో ఎందుకంత కారంగా మాట్లాడుతుందో ఇప్పుడర్థమైంది," అన్నాడు తెలుగులో.

అమ్మ మురిసిపోయింది. నాన్న పకపకా నవ్వాడు. అతను మేక కథ మొదలుపెట్టాడు. అన్నయ్యకి పొలమారింది. అతిథి తెలుగులో దిగాడు కదా అని అందరూ తెలుగులోకి వచ్చేశారు.

ఆమె నవ్వలేదు. తన కంచంలోకి చూస్తోంది.

అప్పుడతను వదినని చూశాడు. వదిన కూడా నవ్వుతోంది. కానీ అందరికంటే ఒక క్షణం వెనక. ముందు అత్తగారి ముఖం, తర్వాత భర్త ముఖం చూసి, నవ్వాల్సిన చోటు తెలుసుకుని నవ్వుతోంది.

అతని చేతిలోని గ్లాసు ఆగింది. నెత్తి మీదుగా విమానం వెళ్ళిన చప్పుడు మళ్ళీ వినబడినట్టయింది.

"సారీ," అన్నాడు వదిన వైపు తిరిగి. "ఐ విల్ సే అగైన్."

మేకతో మొదలుపెట్టాడు. డొమెస్టికేటెడ్ యానిమల్ దగ్గర వదిన అందరికంటే ముందు నవ్వింది. తర్వాత అతను లేచి నిలబడ్డాడు.

"ఐ లవ్ హర్. ఐ వాంట్ టు మ్యారీ హర్. ఐ హావ్ ఎ జాబ్. ఐ టాక్ టూ మచ్. ఐ కెన్ వాష్ డిషెస్. దట్స్ ఆల్."

నాన్న కోడలి వైపు చూశాడు. అమ్మ కోడలి వైపు చూసింది. అప్పుడర్థమైంది అతనికి, నచ్చాల్సిన ఒకరు ఎవరో.

వదినకి వచ్చిన తెలుగంతా ఆ బల్ల దగ్గర, అత్తగారి గరిటెని అడ్డుకుంటూ నేర్చుకున్నది. ఆ మాటల్లోంచే ఏరుకుంది.

"అత్తయ్యా," అంది. "ఈ అబ్బాయి చాలు. ఇంకొకరు వద్దు."

నాన్న నవ్వు ఆపుకుంటూ కూతురి వైపు తిరిగాడు. "వెల్, టవర్?"

ఆమె చేతులు తుడుచుకుంది. రేడియోలో ఎలా మాట్లాడుతుందో అలాగే, తొందర లేకుండా, ఒక్కో ముక్కా తిరిగి చెప్పింది.

"యు లవ్ మి. యు వాంట్ టు మ్యారీ మి. యు హావ్ ఎ జాబ్. యు టాక్ టూ మచ్. యు విల్ వాష్ డిషెస్, డైలీ. ఐ విల్ మ్యారీ యు."

ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. బల్ల చుట్టూ ఉన్న అందరికీ అర్థమైంది.

"సే అగైన్," అన్నాడు అతను.

ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి తెలుగులో, అతనికి మాత్రమే వినబడేలా.

"ఏమంది? ఏమంది?" అని అడిగింది వదిన, తెలుగులోనే.