ఆపే అధికారం ఎవరిది?

రెజిమెంటల్ బజార్ హోటల్లో చాయ్ కప్పు పెదవులకు చేరకముందే సదాశివ బల్ల మీదికి ఒరిగిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. అతన్ని కలవడానికి అప్పుడే లోపలికి వచ్చిన ఏజెంట్ హరికిషన్ పరుగెత్తి పట్టుకున్నాడు.

విమాన భద్రతా సంస్థలో సీనియర్ ఇన్‌స్పెక్టర్ సదాశివ. ఆఖరి ఊపిరితో ఒక్క మాట అనగలిగాడు.

"కొత్త ఆర్డర్ల ఖాళీ ఉంది, భాయ్... నడుమ ఎవ్వరు లేరు."

జనం మూగారు. హరికిషన్ గుంపులోంచి జారుకున్నాడు. వాన మబ్బు కింద బజారు మాత్రం మామూలుగానే బేరాలాడుతోంది.

చీఫ్ కల్పలత కారులోనే బ్రీఫింగ్ ఇచ్చింది.

"విమానాల నిఘా డ్యూటీని ఒక సంస్థ నుంచి ఇంకోదానికి మార్చే పవర్ గవర్నమెంట్‌కుంది. ఒక్క సంతకం చాలు. పొద్దుగాల ఆ సంతకమైంది. పాత సంస్థ అధికారం అప్పుడే పోయింది. కొత్త మండలికేమో కంట్రోల్ రూమ్ చేతికొచ్చినంకనే అధికారం."

"వచ్చిందా మేడమ్?" అడిగాడు హరికిషన్.

"సాయంత్రం వస్తది. అప్పటిదాంక దొంగ సిగ్నల్ దొరికినా, విమానాన్ని ఆపమని టవర్‌కు హుకుం ఇచ్చేటోడు లేడు."

"మనం చెప్తే?"

"మనం ఉన్నమని గవర్నమెంటే ఒప్పుకోదు. మన మాట ఎవరింటరు?" కల్పలత గొంతు తగ్గించింది. "రక్షణ శాస్త్రవేత్తల స్పెషల్ ఫ్లైట్ జెరసేపట్ల బేగంపేటల దిగుతది. గీ మబ్బుల పైలట్‌కు రన్‌వే కనబడదు. శత్రు ముఠా దొంగ సిగ్నల్‌తోని దాన్ని ఇండ్ల మీద కూలుస్తది. ఆ సిగ్నల్ పంపే మిషన్ మారేడ్‌పల్లిల ఉందని నీహారిక కబురు పంపింది. ఉరుకు."

నీహారిక పేరు వినగానే అతని మనసు కాస్త కుదుటపడింది. మంత్రిత్వ శాఖకు లీగల్ అడ్వైజర్ ఆమె. ముఠా తమ మనిషే అనుకునే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే మీటింగుల్లో ఫైళ్లు ఆగిపోయేవి. హరికిషన్ ఆమె దగ్గర ఏదీ దాచేవాడు కాదు.

వాటర్ ట్యాంకులు కడిగే మనిషి వేషంలో, బ్లీచింగ్ నీళ్ల బకెట్‌తో అతను అపార్ట్‌మెంట్ డాబా ఎక్కాడు. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, భుజాన హ్యాండ్‌బ్యాగ్. నీహారిక పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది.

"పాకుడు బాగా పట్టిందా?" కోడ్ అడిగింది.

"ఎండ కాస్తే పోతది," బదులిచ్చాడు.

ఆమె ట్యాంకు వెనక ఉన్న యాంటెన్నా చూపించింది. హరికిషన్ కేబుల్ కోశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. అది సిగ్నల్ డిటెక్టర్. ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ట్యాంకు వైపు తిప్పితే మందగించింది. నీహారిక హ్యాండ్‌బ్యాగ్ వైపు తిప్పగానే పిచ్చిగా కొట్టుకుంది.

అతను తలెత్తేసరికి ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

"ఆ పెన్ను కింద పడేయ్, హరీ. ఆ ఉత్త యాంటెన్నా కోసి నువ్వు నిశ్చింతగా వెళ్లిపోతావనుకున్నాను."

"సదాశివను చంపించింది నువ్వేనా?"

"బజారులో కలుస్తున్నానని ఫోన్ చేసి చెప్పింది నువ్వే కదా?"

అతని చెయ్యి బకెట్ పిడి మీదికి జారింది. పైన ఇంజన్ల మోత దగ్గరవుతోంది.

"ఆర్డర్ డ్రాఫ్ట్ నాదే," అంది నీహారిక. "ఆ ఖాళీ నేనే పెట్టాను. ఎంతమంది చదివారో! ఒక్కరూ అడగలేదు. ఇప్పుడా విమానాన్ని ఆపే అధికారం ఈ దేశంలో ఎవరికీ లేదు."

హరికిషన్ బకెట్ ఎత్తి బ్లీచింగ్ నీళ్లు ఆమె ముఖాన కొట్టాడు. గుండు అతని భుజాన్ని చీల్చుకుంటూ పోయింది. కళ్లద్దాలు ఎగిరిపడి, కళ్లు మండి ఆమె కేకపెట్టింది. బ్యాగ్ లాక్కుని, మూత తీసి ఉన్న ట్యాంకు నీళ్లలోకి విసిరేశాడు. ఎర్రలైటు ఆరిపోయింది.

మబ్బు చీల్చుకుని విమానం ఇళ్లకప్పుల మీదికే వచ్చింది. అసలు సిగ్నల్ అందిన పైలట్‌కు దారి తప్పానని అర్థమైంది. ఆఖరి క్షణంలో ముక్కు పైకెత్తాడు. తీగల మీది బట్టలన్నీ ఎగిరిపోయాయి. చెవులు గింగిర్లెత్తాయి. తర్వాత ఆకాశం నిశ్శబ్దమైంది.

పిస్టల్ లాగేసుకుని, నీహారిక చేతులను పైపుకు కట్టి, హరికిషన్ ఫోన్ చేశాడు.

"విమానం బతికింది, మేడమ్. దొంగ నీహారికనే. సదాశివ ఇంటికి... ఆయన భార్య విమలమ్మకు నేనే పోయి చెప్తా."



"నువ్వే చెప్పు," అంది కల్పలత.

"ఈమెను ఎవరికి అప్పజెప్పాలె?"

"అడిగిన. పాతోళ్లు మాకు అధికారం లేదంటున్నరు. కొత్తోళ్లు సాయంత్రం రమ్మంటున్నరు. గప్పటిదాంక జెర నువ్వే పట్టుకొని కూసో."