పిట్టల ఊరి పెళ్లి బొమ్మ

గౌరి టీచరు ఆఖరి పేజీ చూసి పుస్తకం టక్కున మూసేసింది.

"ఇది మా పిల్లలకి సూపించనండి," అంది.

పృథ్వీరాజ్ పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు వేయడమే అతని పని. సవర పిల్లల కొండ ఆటల మీద ఒకటి వేశాడు, కళింగపట్నం జాలర్ల మీద ఇంకొకటి. ఇప్పుడిది, ఏటేటా గూడబాతులనే పెద్ద పిట్టలొచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెట్టే ఈ ఊరి మీద. అచ్చుకి పంపేముందు ఇక్కడి పిల్లలకి చూపిద్దామని రాజాం నుంచి బస్సులు మారి, వానలో తడిసి ముద్దయి మరీ వచ్చాడు.

"బొమ్మలు బాలేవాండీ?"

"బంగారంలాగున్నాయి. ఆ ఆఖరిదే..."

ఆఖరి బొమ్మలో పెళ్లి ఊరేగింపు. బ్యాండు మేళం, తారాజువ్వలు, ఆకాశం నిండా లేచిన పిట్టలు. పుస్తకం మొత్తానికి అతను మురిసిపోయిన బొమ్మ అదే.

"అయి సరదాకి ఎగరలేదండి, బెదిరి లేసిపోయాయి. గుడ్లు కింద పడిపోవూ? మా ఊళ్లో ఆటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. అయి ఉన్నన్నాళ్లూ డప్పు కొట్టం, టపాకాయ కాల్చం."

"మరి పెళ్లిళ్లు?"

"సేసుకుంటాం. సప్పుడు సెయ్యం, అంతే. మీకేటి, రాజాం బాబులు!"

పాపం, అందులో అతని తప్పేమీ లేదు. బజారు మధ్య బట్టల కొట్టున్న ఇంట్లో పుట్టాడు. ఆ ఇంట్లో పెళ్లంటే వీధులు దద్దరిల్లాలి. పెళ్లి బొమ్మ వేయమంటే చెయ్యి దానంతటదే జువ్వలు వేసేస్తుంది మరి.

ఆ బొమ్మ మళ్లీ వేయడానికని ఆదివారం వచ్చాడు. పై ఆదివారమూ వచ్చాడు. పనున్నా లేకున్నా రావడం అలవాటైపోయింది. తన అక్క పెళ్లి ఎలా జరిగిందో గౌరి చెప్పుకొచ్చింది. మేళాన్ని పొలిమేరలోనే ఆపేశారట. పెళ్లివారంతా చెప్పులు చేత్తో పట్టుకుని ఊళ్లోకి నడిచారట. ఆమె చెబుతుంటే అతను కళ్లార్పకుండా ఆమెనే చూశాడు.

"కాగితం ఇటున్నాదండి," అంది గౌరి.

"తెలుసండి. నాకు మీరంటే ఇష్టం. మా ఇంట్లో చెప్పమంటారా?"

గౌరి కాగితం అతని వైపు జరిపింది. "సెప్పండి. నాకూ ఇష్టమే. కానీ నా పెళ్లి ఈ ఊళ్లోనే, మా అక్క పెళ్లిలాగే. మీవాళ్లు కాదంటే ఇంక ఈ ఆదివారాలు వద్దు."

పెళ్లిచూపులకి పృథ్వీ నాయనమ్మ దాలమ్మ కూడా వచ్చింది. రాజాం ఇంట్లో ఆవిడ మాటే మాట. పిల్లని చూసి ముచ్చటపడింది, మాఘంలో ముహూర్తమంది. మేళం ఊళ్లోకి రాకూడదనేసరికి మాత్రం మొహం ముడుచుకుంది.

"పోనీ, పిట్టలెల్లిపోయాక వైశాఖంలో పెట్టుకుందారమ్మా," అన్నాడు గౌరి తండ్రి అప్పలస్వామి.

"అప్పటికి నానుంటానో, ఉండనో! మేళం లేని పెళ్లి మా ఇంటా వంటా లేదు. లెగండర్రా!"

గౌరి గుమ్మంలోనే నిలబడిపోయింది. పృథ్వీ సంచీలోంచి పుస్తకం తీసి, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్న నాయనమ్మ పక్కన కూర్చున్నాడు.

"వెళ్దాం నాయనమ్మా. ఇదొక్కటి చూసేసి పద."

దాలమ్మకి చదువు రాదు. బొమ్మలకి చదువక్కర్లేదు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"ఇదేట్రా, మండుటెండలో రెక్కలు ఇప్పుకొని నిల్సుంది?"

"పిల్లలకి ఎండ తగలకుండా నీడ పడుతోంది," అన్నాడు పృథ్వీ.

ఆవిడ తలెత్తి ఎదురుగా ఉన్న చింతచెట్టుకేసి చూసింది. అక్కడా ఒక తల్లి పిట్ట అచ్చం అలాగే నిలబడి ఉంది. దాలమ్మ చాలాసేపు చూసింది. తర్వాత ఆఖరి పేజీ తీసింది. కొత్త బొమ్మ. నిశ్శబ్దంగా నడుస్తున్న పెళ్లివారు, అందరికంటే ముందు చెప్పులు చేత పట్టుకున్న ఒక ముసలావిడ.

"ఈ ముసల్దెవర్రా?"

"నువ్వే."

"సచ్చినోడా! నాకింత గూనున్నాదా? సరిగ్గా ఎయ్యి. రేపు మాఘంలో ఊరంతా నన్ను సూస్తాది!"

పృథ్వీ గౌరి వైపు చూశాడు. గౌరి ఇంక ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

"ష్!" అంది దాలమ్మ, చెట్టుకేసి వేలు చూపిస్తూ. "మెల్లగా నవ్వు మనవరాలా, పిట్టలు బెదిరిపోతాయి."