సోముబాయి దప్పి

ఒకరి జ్ఞాపకాన్ని మన భాషలోకి తెచ్చుకునేటప్పుడు, దారిలో కొంత జారిపోతుందన్న భయం ఒక్కటే నాకుండేది. ఇంకో భయం ఉండగలదని తెలియదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది వానకాలం. ఉట్నూరు అవతల ఒక గూడెంలో, మారుబాయి అనే వయసు మళ్లిన గోండు స్త్రీ ఇంట కూర్చున్నాను. పెద్దవాళ్ల జ్ఞాపకాలు సేకరిస్తూ కరీంనగర్ నుంచి వెళ్లిన నాకు గోండీ రాదు, ఆమెకు తెలుగు రాదు. మా నడుమ సక్కుబాయి ఉంది. సంతల్లో ఉప్పు, పొగాకు అమ్ముతూ మూడు భాషలు పట్టిన మనిషి. చెప్పేవాళ్లు ‘నేను’ అంటే తానూ ‘నేను’ అనే చెప్పాలని ఆమెతో ముందే అనుకున్నాను. అలా చెబితేనే మాటలో ప్రాణం నిలుస్తుందని నా నమ్మకం.

మారుబాయి పెద్దలు వలస వచ్చిన ఊళ్ల పేర్లు నేను మళ్లీ మళ్లీ అడుగుతుంటే సక్కుబాయి నవ్వింది.

“ఏం సారూ, కథ రాసుకోనొచ్చిండ్రా, పిల్లను అడుగనొచ్చిండ్రా? గిన్ని ఊళ్లెందుకు?”

అదే మాట గోండీలో చెబితే మారుబాయి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రానికి వాన పెరిగింది. తడిసిన గడ్డికప్పు వాసన, పచ్చికట్టెల పొగ ఇంటినిండా కమ్ముకున్నాయి. పొయ్యి వెలుగు మూలల దాకా పోవడం లేదు. మారుబాయి లేచి, చెంబు నిండా నీళ్లు నింపి గడపలో పెట్టింది. ఎవరికని అడిగాను. పొయ్యి పక్కకు వచ్చి కూర్చుని, నెమ్మదిగా మొదలుపెట్టింది. సక్కుబాయి తెలుగులో అందుకుంది.

“పదేండ్ల కింద, ఎండకాలం, తుపాకులోళ్లు గూడెం కాలవెట్టిండ్రు. నేను బిడ్డనెత్తుకొని అడివిల వడ్డ. సోముబాయి, నా ఒక్క బిడ్డ. జెరంతోని ఒళ్లు కాలుతుంది. దప్పి, దప్పి అన్నది. చెట్టు కింద పండవెట్టి వాగుకు పోయిన. మల్లి వస్తుంటే దారిల వాళ్లే... దాసుకున్న. వాళ్లు పోయినంక వచ్చి చూస్తే బిడ్డ లేదు. గప్పటిసంది రోజు నీళ్లు వెడుతున్న. దప్పి తీరిందని ఒక్కసారి చెప్తే సాలు, నిమ్మలంగ కండ్లు మూస్త.”

మారుబాయి ఆగింది.

సక్కుబాయి ఆగలేదు.

“నేను చెట్టు కిందనే ఉన్న. అవ్వ నీళ్లు తెస్తనని పోయింది. చీకటైంది. అవ్వ రాలే... నాలుక పిడచగట్టింది...”

నేను మారుబాయి వైపు చూశాను. ఆమె పెదవులు మూసుకునే ఉన్నాయి.

“అక్కా,” అన్నాను గొంతు తగ్గించి, “ఎవరి మాట చెబుతున్నావు?”

“గా మూలకు కూసున్న పిల్లది గద సారూ.”

మూలన బోర్లించిన గంప ఉంది. అంతే.

సక్కుబాయి కూడా అటు తిరిగింది. “ఇప్పుడే ఉండె... మాట ఇనొస్తనే ఉంది...”

మారుబాయి ఏమిటని అడిగింది. సక్కుబాయి గోండీలో చెప్పింది. ఆ తల్లి మోకాళ్ల మీద మూల దాకా పాకి, ఖాళీ చీకట్లోకి రెండు చేతులూ చాచింది. ఆమెకు ఏమీ వినిపించడం లేదు. మా వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

“దప్పి తీరిందా అంటుంది,” గుసగుసలాడింది సక్కుబాయి. కాసేపు చెవి ఒగ్గింది. “తీరలేదట సారూ... ఏం చెప్పాలె?”

చాచిన ఆ చేతులు చూశాను. ఒకరి మాటను మార్చి చెప్పించే హక్కు నాకెక్కడిదన్న ప్రశ్న ఆ క్షణంలో రాలేదు.

“తీరిందని చెప్పు.”

చెప్పింది. మారుబాయి ఒళ్లంతా ఒక్కసారి వదులైంది. నెత్తిమీది మోపు దించినట్టు కూలబడి, ఏడుస్తూనే నవ్వింది. తర్వాత లేచి, గడపలోని నీళ్లను వానలోకి పారబోసి, చెంబును బోర్లించింది.

“మాట ఆగిపోయింది సారూ,” అంది సక్కుబాయి. “ఇగ ఏం ఇనొస్తలేదు.”

నేను ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు... నా చెవి పక్కనే... ఎండిపోయిన చిన్న గొంతు. తెలుగు ఎన్నడూ ఎరుగని ఆ పిల్ల, మా కరీంనగర్ మాటలో అంది.

“నేను గట్ల అనలే.”